కాలదోషం పట్టకముందే

(మన సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ నిర్వాహకులు నన్ను "వ్యాపారంలో విజయం" అనే విషయం మీద మాట్లాడమన్నారు. దానికి నాకన్నా అర్హులు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను వ్యాపారం చేసినవాణ్ణి కాను, వ్యాపారం చేసేవాళ్ళ పుస్తకాలు చూసేవాణ్ణి. ఆడిటరు దగ్గరికి భాగస్వాములు రెండు ముఖ్యమైన సందర్భాల్లో వస్తారు. మొదలుపెట్టేటప్పుడు ఇద్దరూ ఒకే స్కూటరు మీద వస్తారు. విడిపోయేటప్పుడు వేర్వేరుగా, ఒకరికి తెలియకుండా ఒకరు వస్తారు. ఈ రెండో రాక గురించి మనం ఎక్కడా మాట్లాడుకోం. అందుకని నిర్వాహకుల అనుమతితో విషయం కొంచెం మార్చుకున్నాను. లాభం లేని వ్యాపార సంబంధాన్ని, పనికిరాని ఒప్పుకోలును ఎప్పుడు ముగించాలి, ఎలా ముగించాలి అన్నదే ఈ రోజు నేను చెప్పబోయేది.

పండుగ పూట ముగింపుల ముచ్చట ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు, ఒకే క్యారేజీలో అన్నం పంచుకున్నవాళ్ళు పెద్దయ్యాక కలిసి వ్యాపారం పెట్టుకోవడం మన ఊళ్ళలో మామూలే. తెలియని డబ్బున్నవాడి కన్నా తెలిసిన స్నేహితుడు నయం అనుకుంటాం. అందులో తప్పేమీ లేదు. కాని ఆ వ్యాపారం చెడినప్పుడు పోయేది డబ్బొక్కటే కాదు. ఏ పూర్వ విద్యార్థుల సంఘంలోనైనా ఆహ్వానాలు పట్టుకుని ఇళ్ళకు తిరిగినవాళ్ళను అడగండి. "అతను వస్తున్నాడా? అయితే ఈసారికి నన్ను వదిలెయ్యండి" అన్న మాట విని ఉంటారు. ఆ మాట అన్నవాళ్ళు ఒకప్పుడు గ్రూపు ఫొటోలో భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడినవాళ్ళే.

నేను చూసినంతలో, నష్టం వచ్చినందుకు విరోధులైనవాళ్ళు తక్కువ. నష్టం వస్తోందని ఇద్దరికీ తెలిసి కూడా రెండేళ్ళో మూడేళ్ళో ఎవరూ నోరు విప్పకపోవడం వల్ల విరోధులైనవాళ్ళే ఎక్కువ. సంబంధాన్ని సకాలంలో ముగిస్తే మనిషి మిగులుతాడు, సాగదీస్తే డబ్బుతోపాటు మనిషీ పోతాడు. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట కోసమే.

మనందరికీ తెలిసిన ప్రామిసరీ నోటుతో మొదలుపెడతాను. ఇచ్చినదో పుచ్చుకున్నదో, నోటు ముఖం చూడని ఇల్లు మన ప్రాంతంలో అరుదు. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన నోటుకు, రాసిన తేదీ నుంచి మూడేళ్ళు గడువు. ఇది 1963 నాటి కాలపరిమితి చట్టం పెట్టిన హద్దు. ఆలోపు బాకీదారు ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు వేసి సంతకం చెయ్యాలి. లేదా బాకీ ఉన్నానని రాతలో ఒప్పుకోవాలి. లేదా కొత్త నోటు తిరగరాయాలి. ఇవేవీ కాకపోతే అప్పిచ్చినవాడు కోర్టులో దావా వెయ్యాలి. ఏదీ చెయ్యకుండా మూడేళ్ళు దాటితే నోటుకు కాలదోషం పట్టిందంటాం. అప్పు అబద్ధమైపోదు, కాని కోర్టు ద్వారా వసూలు చేసుకునే దారి మూసుకుపోతుంది.

చదువు రానివాళ్ళకు కూడా ఈ మూడేళ్ళ లెక్క తెలుసు. గడువు దగ్గర పడుతుంటే అప్పిచ్చినాయన పనులు మానుకుని మరీ వెళ్ళి నోటు తిరగరాయించుకుంటాడు. ఆ వెళ్ళడంలో ఒక మేలు ఉంది. మూడేళ్ళకొకసారైనా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఎంత ఇచ్చావు, ఎంత తీర్చాను, ఇంకా ఎంత ఉంది, ఎప్పుడిస్తావు అని మాట్లాడుకుంటారు. కొనసాగించాలంటే మళ్ళీ సంతకం పడాలి.

మన మిగతా సంబంధాలకు ఇలాంటి గడువు లేదు. పదిహేనేళ్ళ క్రితం పెట్టుకున్న భాగస్వామ్యం, నాన్నగారి నాటి ఖాతాదారు, ఏనాడో తీసుకున్న డీలర్‌షిప్, కాదనలేక ఒప్పుకున్న కార్యదర్శి పదవి, బావమరిది కోసం పెట్టిన హామీ సంతకం, వీటిని మళ్ళీ చూడమని ఎవరూ తేదీ పెట్టలేదు. నిరుడు నడిచాయి కాబట్టి ఈ ఏడూ నడుస్తాయి. ఎవరూ నిర్ణయం తీసుకోకుండానే బండి సాగిపోతుంటుంది.

ఇంతకీ మనల్ని ఆపేదేమిటి? నష్టం కనపడక కాదు. లెక్కల మాస్టారు నేర్పిన కూడికలు, తీసివేతలు అందరికీ గుర్తున్నాయి. అడ్డం పడేవి వేరే ఉన్నాయి.

ఒకటి, "పోయినచోటే వెతుక్కోవాలి" అనే సామెత. ఉంగరం పోగొట్టుకున్నవాడికి ఈ మాట పనికొస్తుంది, పడిన ఉంగరం అక్కడే ఉంటుంది కనుక. డబ్బు అలా కాదు. పత్తి వ్యాపారంలో పోయిన డబ్బు పత్తిలో దాక్కుని మనకోసం ఎదురుచూడదు. అది ఎప్పుడో చేతులు మారిపోయింది. రెండో ఏడు మనం పెట్టేది కొత్త డబ్బు. దాన్ని పెట్టాలా వద్దా అన్నది ముందు రాబోయేదాన్ని బట్టి తేల్చుకోవాలి. వెనక పోయినదాన్ని చూసి పెడితే ఆ పోయినదానికి ఇది తోడవుతుంది. అర్థశాస్త్రంలో దీన్ని మునిగిపోయిన ఖర్చు అంటారు. మునిగినదాన్ని లెక్కలోకి తీసుకోకుండా రేపటి నిర్ణయం చెయ్యమని ఆ శాస్త్రం చెబుతుంది. చెప్పినంత తేలిక కాదు. పదేళ్ళ కష్టం పోసినచోట అంత చల్లగా ఆలోచించడం ఎవరికైనా కష్టమే.

రెండోది మొహమాటం. వాళ్ళ నాన్న మా నాన్నకు ఆపదలో ఆదుకున్నాడు, రేపు పెళ్ళిలో ఎదురుపడాలి, అడిగితే ఏమనుకుంటాడో. ఈ మొహమాటాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. ఊరు ఊరుగా ఉండటానికి అది కొంతవరకు కారణం. కాని దాని ఖరీదు ఎవరు కడుతున్నారో చూడండి. మొహమాటపడేది మగవాడు. బ్యాంకులో తాకట్టుకు వెళ్ళేది ఇల్లాలి గాజులు. వాయిదా పడేది కూతురి చదువు. నెల జీతం అందక ఇబ్బంది పడేది కొట్లో గుమస్తా. మన మర్యాద ఖర్చు మనల్ని అడిగే స్థితిలో లేనివాళ్ళ పద్దులో పడుతోందంటే అది మర్యాద అనిపించుకోదు.

మూడోది, నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం. బోర్డు దించేస్తే దివాలా తీశాడంటారు. బోర్డు ఉంచి లోపల అప్పులు చేస్తే మాత్రం ఎవరూ ఏమీ అనరు, అప్పులవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడేదాకా.

ఇక ఒక చిన్న లెక్క చూద్దాం. ఇది ఊహించి వేసిన లెక్కే కాని, మన బజారులో చాలా కొట్లకు సరిపోతుంది. ఒక టోకు వ్యాపారి ఒక ఖాతాదారుకు నెలకు లక్ష రూపాయల సరుకు అరువు మీద ఇస్తాడు. కొన్నది 92 వేలకు. లాభం 8 వేలు. పెద్ద ఖాతా అని అతనికి గౌరవం, కుర్చీ, కూల్‌డ్రింకు. ఆ ఖాతాదారు 5 నెలలకు గాని డబ్బు ఇవ్వడు. మన వ్యాపారి చేతినుంచి పోయిన 92 వేలకు నూటికి నెలకు రూపాయిన్నర చొప్పున వడ్డీ వేస్తే నెలకు 1,380 రూపాయలు, 5 నెలలకు 6,900. ఎనిమిది వేల లాభంలో మిగిలింది 1,100. ఆటో కిరాయి, వసూలుకు కుర్రాడు నాలుగుసార్లు తిరిగిన ఖర్చు అందులోనే. ఆరో నెలకు వెళితే వడ్డీ 8,280. అంటే లాభం పోయి, 280 రూపాయలు మనమే ఎదురు ఇచ్చి సరుకు అమ్మినట్టు. ప్రతి నెలా లక్ష సరుకు వెళుతుంటే, 5 నెలల ఆలస్యంతో 4 లక్షల 60 వేల పెట్టుబడి ఎప్పుడూ ఆ ఒక్క ఖాతాలోనే ఇరుక్కుని ఉంటుంది. ఆ డబ్బుతో రొక్కానికి కొనే పదిమంది చిన్న ఖాతాదారులకు సరుకు తేవచ్చు. కాని చిట్టాలో ఈ ఇరుక్కుపోయిన డబ్బు విడిగా కనిపించదు. అమ్మకం ఒక్కటే కనిపిస్తుంది. అందుకని ఏడాదికొకసారి ఆవర్జా తీసి, ప్రతి పెద్ద ఖాతా పక్కన డబ్బు ఎన్ని నెలలకు వస్తోందో రాయమని నా దగ్గరికి వచ్చేవాళ్ళకు చెబుతుంటాను. ఆ ఒక్క అంకె రాస్తే, ఎవరికి మర్యాద చెయ్యాలో, ఎవరితో మాట్లాడాలో తెలిసిపోతుంది.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఆలస్యమైన ప్రతివాడినీ వదిలించుకోమని నా ఉద్దేశం కాదు. వ్యవసాయం మీద ఆధారపడిన బజారు మనది. మిర్చి ధర పడిపోయిన ఏడు, వాన ముంచిన ఏడు అందరి చెల్లింపులూ ఆలస్యమవుతాయి. అలాంటి ఏడు నిలబడినవాడికే తర్వాతి ఏళ్ళ వ్యాపారం దక్కుతుంది. చెడ్డ కాలాన్ని, చెడ్డ సంబంధాన్ని విడదీసి చూడటం నేర్చుకోవాలి. కాలం బాగాలేనివాడు ముందుగా తానే వచ్చి చెబుతాడు, ఎంతో కొంత కడతాడు, ఫోను ఎత్తుతాడు. చెడిన సంబంధంలో ఫోను మోగుతూనే ఉంటుంది. అడిగిన ప్రతిసారీ కారణం మారుతుంది. మన బాకీ అలాగే ఉంచి సరుకు వేరేచోట రొక్కానికి కొంటాడు. భాగస్వామి విషయంలోనూ అంతే. నష్టం గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోగలిగినంత కాలం ఆ వ్యాపారానికి ప్రాణం ఉన్నట్టే. పుస్తకాలు చూపించమంటే "నా మీద నమ్మకం లేదా" అన్న మాట వచ్చిందంటే దానికి రోజులు దగ్గరపడ్డాయి.

తేల్చుకోలేని స్థితిలో ఒక ప్రశ్న ఉపయోగపడుతుంది. అమెరికాలో ఇంటెల్ కంపెనీ మొదట్లో మెమరీ చిప్‌లతో పేరు తెచ్చుకుంది. 1980ల్లో జపాన్ కంపెనీల పోటీకి ఆ వ్యాపారం దెబ్బతింది. అయినా అది వాళ్ళు పుట్టి పెరిగిన వ్యాపారం, వదల్లేకపోయారు. 1985లో ఆ కంపెనీ పెద్దలు ఆండీ గ్రోవ్, గోర్డన్ మూర్ ఇద్దరూ కూర్చున్నప్పుడు, మనల్ని తీసేసి కొత్త మనిషిని తెస్తే అతను ఏం చేస్తాడని గ్రోవ్ అడిగాడట. మెమరీలను వదిలేస్తాడని మూర్ చెప్పాడు. అయితే ఆ పని మనమే చేద్దామనుకుని ప్రాసెసర్ల వైపు మళ్ళారు. ఈ సంగతి గ్రోవ్ 1996లో వచ్చిన తన పుస్తకంలో రాసుకున్నాడు. మనం కూడా అడుగుదాం. ఈ భాగస్వామితో, ఈ ఖాతాదారుతో ఈ రోజే కొత్తగా పరిచయమైతే, ఇవే షరతుల మీద మొదలుపెడతానా? మొదలుపెట్టను అన్న జవాబు వస్తే, మనల్ని పట్టి ఉంచుతున్నది అలవాటో మొహమాటమో అయి ఉండాలి.

ముగించడం గురించి మొదట్లోనే రాసుకోకపోతే ఏమవుతుందో పెద్ద పెద్ద దేశాలకే తెలిసొచ్చింది. ధ్వని కన్నా వేగంగా వెళ్ళే కాంకార్డ్ విమానం కోసం 1962లో బ్రిటన్, ఫ్రాన్స్ ఒప్పందం చేసుకున్నాయి. ఒక దేశం తనంతట తాను తప్పుకునే షరతు అందులో లేదు. 1964లో బ్రిటన్‌లో వచ్చిన కొత్త ప్రభుత్వానికి ఈ ఖర్చు దండగనిపించింది, కాని తప్పుకుంటే ఫ్రాన్స్‌కు పెద్ద పరిహారం కట్టాల్సి వస్తుందని కొనసాగింది. ఖర్చు మొదటి అంచనాకు ఎన్నో రెట్లయింది. 1976లో ప్రయాణికులతో ఎగరడం మొదలుపెట్టిన ఆ విమానాల్లో సేవలో తిరిగినవి 14 మాత్రమే, అవీ ఆ రెండు దేశాల సంస్థల దగ్గరే. 2003లో పూర్తిగా ఆపేశారు. విమానం అద్భుతమైనదే. బయటికి వచ్చే తలుపు పెట్టుకోకుండా ఇల్లు కట్టుకోవడమే అక్కడ జరిగిన లోపం.

మనం భాగస్వామ్య పత్రం రాసుకునేటప్పుడు కూడా అదే జరుగుతుంది. లాభాల వాటాలు పైసలతో సహా రాస్తాం. ఒకరు వెళ్ళిపోవాలనుకుంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, సరుకుకు విలువ ఎవరు కట్టాలి, కొట్టు పేరు ఎవరికి ఉండాలి అన్న ప్రశ్నలు వస్తే "శుభమా అని మొదలుపెడుతుంటే అవెందుకండీ" అంటారు. శుభం కోరేవాళ్ళు ఆ రోజే రాసుకోవాలి. ఇద్దరి మధ్యా ప్రేమ ఉన్నప్పుడు రాసిన షరతు న్యాయంగా ఉంటుంది. గొడవ మొదలయ్యాక రాసే ప్రతి వాక్యం బేరమే అవుతుంది.

రాసుకోనివాళ్ళు కూడా దిగులు పడనక్కర్లేదు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం దారి చూపించింది. గడువు గాని, ముగింపు షరతు గాని లేని భాగస్వామ్యాన్ని ఏ భాగస్వామి అయినా మిగతా అందరికీ రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి రద్దు చెయ్యవచ్చు. రిజిస్టరు చెయ్యని సంస్థ బయటివాళ్ళ మీద దావా వెయ్యలేదు కాని, సంస్థను రద్దు చెయ్యమని, లెక్కలు తేల్చమని అడిగే హక్కు దాని భాగస్వాములకు ఉంది. లెక్క తేల్చే వరుస కూడా చట్టంలో ఉంది. ముందు బయటివాళ్ళ బాకీలు, తర్వాత భాగస్వాములు పెట్టుబడికి మించి ఇచ్చిన అప్పులు, ఆ తర్వాత పెట్టుబడులు, చివరికి మిగిలింది లాభాల వాటా ప్రకారం.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. మాట్లాడుకుని విడిపోయామని ఊరుకుంటే సరిపోదు. లోకానికి తెలిసేలా ప్రకటించేదాకా, విడిపోయిన తర్వాత సంస్థ పేరుమీద మీ పాత భాగస్వామి చేసిన పనులకు కూడా బయటివాళ్ళు మిమ్మల్ని బాధ్యుణ్ణి చెయ్యవచ్చు. అందుకే గెజెట్‌లోనూ, ఆ జిల్లాలో చదివే కనీసం ఒక స్థానిక భాషా పత్రికలోనూ ప్రకటన వెయ్యమని చట్టం చెబుతుంది. సంస్థ రిజిస్టరైతే ఆ రిజిస్ట్రారుకూ తెలియజెయ్యాలి. బ్యాంకుకు ఆ రోజే ఉత్తరం ఇవ్వండి. ముందే సంతకం పెట్టి ఉంచిన ఖాళీ చెక్కులు ఉంటే లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. వ్యాపారమే మూసేస్తే జీఎస్టీ నమోదు రద్దు చేయించి, 3 నెలల్లోగా చివరి రిటర్ను వెయ్యాలి. ఇవన్నీ చిన్న పనులే. వదిలేస్తే మాత్రం ఆరేళ్ళ తర్వాత ఏదో ఒక నోటీసు రూపంలో ఇంటికి వస్తాయి.

హామీ సంతకాల గురించి కూడా ఒక మాట. ఒకే అప్పుకు కాకుండా, జరుగుతూ ఉండే లావాదేవీలన్నిటికీ కలిపి ఇచ్చిన హామీని, ఇకముందు జరగబోయే లావాదేవీల మేరకు, అప్పిచ్చినవారికి నోటీసు ఇచ్చి ఉపసంహరించుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతుంది. అప్పటికే ఇచ్చిన అప్పుకు మాత్రం బాధ్యత తప్పదు. అంటే ఆలస్యం చేసినకొద్దీ మన నెత్తిమీద బరువు పెరుగుతూ ఉంటుంది. అయితే ఒప్పందంలో వేరే షరతులు ఉండవచ్చు కాబట్టి కాగితం పూర్తిగా చదివించుకుని అడుగు వెయ్యండి. డీలర్‌షిప్ వదులుకునేవాళ్ళు కూడా ముందు మూడు సంగతులు చూసుకోవాలి. ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, గోడౌనులో మిగిలిన సరుకు కంపెనీ వెనక్కి తీసుకుంటుందా, డిపాజిట్ ఎప్పుడు తిరిగొస్తుంది.

చిన్న పరిశ్రమలు నడిపే మన పూర్వ విద్యార్థులకు ఇంకో ఆయుధం ఉంది. 2006లో వచ్చిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవాళ్ళు రాత ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ లెక్కన కట్టాలి. పెద్ద కొనుగోలుదారును పోగొట్టుకుంటామని ఈ హక్కు చాలామంది వాడరు. వాడకపోయినా, అది ఉందని తెలిసినవాడు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

ఇంతవరకు చెప్పినవి చట్టాలు, లెక్కలు. విడిపోవడం గౌరవంగా కూడా జరగవచ్చని చెప్పడానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. 1984లో ముంజాల్ కుటుంబం వారి హీరో సంస్థ, జపాన్ హోండా కలిసి హీరో హోండా పెట్టాయి. ఆ బండి ఎక్కనివాళ్ళు ఈ సభలో ఉండరు. వ్యాపారం బాగా నడుస్తుండగానే దారులు వేరయ్యాయి. 1999లో హోండా ఇక్కడే సొంతంగా మరో కంపెనీ పెట్టుకుంది. చివరికి 2010 డిసెంబరులో విడిపోతున్నట్టు ప్రకటించారు. హోండా తన 26 శాతం వాటాను ముంజాల్ కుటుంబానికి ఇచ్చేసింది. హోండా పేరును మాత్రం వెంటనే తీసెయ్యనక్కర్లేకుండా కొన్నేళ్ళు వాడుకునే ఏర్పాటు చేసుకున్నారు. 2011లో కంపెనీ పేరు హీరో మోటోకార్ప్ అయింది. 26 ఏళ్ళ కాపురం అది. ఇద్దరూ ఇప్పటికీ మన రోడ్ల మీద పోటీ పడుతూనే ఉన్నారు, ఇద్దరి బళ్ళూ అమ్ముడవుతూనే ఉన్నాయి. కలిసి గడిపిన కాలం వృథా అని ఎవరూ అనలేదు. విడిపోవడానికి గడువు, ధర, పేరు వాడకం, మూడూ ముందే తేల్చుకున్నారు. పదిలక్షల పెట్టుబడితో నడిచే మన కొట్లకూ తేల్చుకోవలసినవి ఆ మూడే.

ఈ మాటలు వ్యాపారస్థులకే అనుకోవద్దు. గురువులు, ఉద్యోగులు, విదేశాల నుంచి వచ్చిన మిత్రులు కూడా ఏవేవో ఒప్పుకుని ఉంటారు. స్నేహితుడు పెట్టిన కోచింగ్ సెంటరులో పేరుకు భాగస్వామ్యం, ఊళ్ళో ఎవరో కలిపిన ప్లాటు, నెలనెలా కడుతున్న చీటీ, సమయం లేకపోయినా వదల్లేని కమిటీ సభ్యత్వం. పని చెయ్యని సభ్యుడు ఖాళీ చేస్తే పనిచేసే కుర్రవాడికి చోటు దొరుకుతుంది. మన సంఘానికి కూడా ఇదే చెబుతాను. మొదలుపెట్టిన పథకాలన్నీ కలకాలం నడవాలని లేదు. ఒకప్పుడు పిల్లలకు అవసరమైనది ఇప్పుడు అవసరం లేకపోవచ్చు. ప్రతి పథకానికీ మూడేళ్ళ గడువు పెట్టి, మళ్ళీ సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి ఒప్పుకుంటేనే కొనసాగించండి. అలా చేస్తే దాతల డబ్బు పనికొచ్చేచోటికే వెళుతుంది.

ఇక ముగించే రోజున ఎలా మాట్లాడాలి? ఫోనులో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. మధ్యవర్తి చేత కబురు పంపవద్దు. ఇద్దరే కూర్చోండి, పుస్తకాలు పక్కన పెట్టుకుని కూర్చోండి. తప్పు ఎవరిదన్న విచారణ మొదలుపెట్టకండి. అది మొదలైతే తెల్లవారినా తేలదు. "ఈ వ్యాపారం మనిద్దరినీ పోషించడం లేదు, ఫలానా తేదీకి లెక్క తేల్చుకుందాం" అంటే చాలు. ఒకటి రెండు పద్దుల దగ్గర మీకు రావలసినది కొంచెం వదులుకోవలసి వస్తే వదులుకోండి. దాన్ని నష్టం కింద రాసుకోకండి, మనిషిని నిలుపుకోవడానికి పెట్టిన ఖర్చు అనుకోండి. తేల్చిన లెక్క కాగితం మీద పెట్టి ఇద్దరూ సంతకాలు చేసి చెరో ప్రతి ఉంచుకోండి. స్నేహితుల మధ్య కాగితం ఎందుకంటారేమో. రేపు మీరిద్దరూ లేనప్పుడు మీ పిల్లలు కొట్టుకోకుండా ఉండటానికి.

పిల్లలకు ఒక్క మాట. చేతిలో ఉన్న పని వదిలేసి పారిపోవడం వేరు, చూసి లెక్కవేసి ముగించడం వేరు. కష్టంగా ఉందని లెక్కల సబ్జెక్టు వదిలెయ్యమని నేను చెప్పానని ఇంటికెళ్ళి చెప్పకండి, మీ మాస్టారు నన్ను ఈ సభలోనే బెంచీ ఎక్కిస్తారు.

పెద్దలకు నా విన్నపం. మన వర్తకులు వెనకటికి ఉగాదికో దీపావళికో కొత్త పుస్తకాలు తెరిచేవారు. పాత పుస్తకంలోని పద్దు కొత్త పుస్తకంలోకి ఎక్కాలంటే ఎవరో ఒకరు దాన్ని చేత్తో రాయాలి. రాస్తున్నప్పుడు ఇది ఇంకా అవసరమా అన్న ఆలోచన తప్పకుండా వచ్చేది. ఇప్పుడు కంప్యూటరు ఏప్రిల్ 1 తెల్లవారేసరికి పాత బాకీలన్నీ తానే ముందుకు తోసేస్తోంది. కాబట్టి ఆ పని మనం కావాలని చేసుకోవాలి. వచ్చే ఉగాదికి ఒక తెల్లకాగితం తీసుకుని మీ సంబంధాలను, ఒప్పుకోళ్ళను వరుసగా రాయండి. కొనసాగించదలచినవాటి పక్కన కొత్త తేదీ వెయ్యండి. తేదీ వెయ్యడానికి చెయ్యి రానివాటి గురించి ఆ నెలలోనే వెళ్ళి మాట్లాడండి.

బాకీకి మూడేళ్ళ గడువు చట్టం పెట్టింది. స్నేహానికి ఏ చట్టమూ గడువు పెట్టలేదు. కాలదోషం పట్టకముందే మాట్లాడుకోవలసింది మాట్లాడుకుంటే, వచ్చే ఉత్సవానికి ఆహ్వానం పట్టుకుని వచ్చిన కుర్రవాడిని "ఇంకెవరు వస్తున్నారు" అని అడగాల్సిన పని ఎవరికీ ఉండదు.